నకలు అని రాసి పరిగెత్తించండి, ఎవరు వద్దన్నారు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత కార్ల రేసుల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇలాంటి విషయానికి ఒక పేజీ మొత్తం ఇచ్చినందుకు ముందుగా థాంక్స్. అయితే ఆ పేజీలోనే రెండు మాటలు ఒకదానికొకటి పొసగడం లేదు, ఈ ఉత్తరం వాటి గురించే. వ్యాసం చివర్లో, పాత రేసు కార్ల నమూనాలో కొత్తగా కట్టే ఈ నకిలీ బండ్లను ట్రాక్ మీదికి రానివ్వకూడదని గట్టిగా రాశారు. పైన ఫోటో కింద మాత్రం "1963 నాటి జాగ్వార్ లైట్‌వెయిట్ ఈ-టైప్" అని వేశారు. ఆ ఫోటోలోని కారు జాగ్వార్ వాళ్లే 2014 నుంచి మళ్లీ కట్టినవాటిలో ఒకటని మీ వ్యాసం మూడో పేరాలోనే ఉంది. వ్యాసం ఏ బండిని వద్దంటోందో, ఫోటో కింది మాట అదే బండిని పాతదని చెబుతోంది. నాకు బాధ కలిగించింది ఈ రెండో విషయమే.

నేను 31 ఏళ్లు లేత్, మిల్లింగ్ మెషీన్ల మీద పనిచేసినవాణ్ణి. అందులో చివరి పన్నెండేళ్లు పాత రేసు బండ్లకు విడిభాగాలు చేసే వర్క్‌షాపుల్లోనే గడిచాయి. కాబట్టి బయటినుంచి చూసి చెప్పే మాటలు కావివి. ఆ ఇనుము, ఆ అల్యూమినియం ముట్టుకుని చెబుతున్నాను.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. నకలు వేరు, నకిలీ వేరు. ఒక దస్తావేజుకు నకలు తీయిస్తే దాని మీద నకలు అని ముద్ర ఉంటుంది, ఎప్పుడు తీశారో, ఎవరు సంతకం పెట్టారో ఉంటుంది, దాన్ని ఎవరూ మోసం అనరు. ఆ ముద్ర చెరిపేసి అసలు దస్తావేజు ఇదేనని చూపించిన రోజున అది నకిలీ అవుతుంది. కాగితమూ అదే, రాతా అదే, మారింది దాని గురించి చెప్పిన మాట ఒక్కటే. పాత బండ్ల రేసింగులో ఇన్నేళ్లుగా నడుస్తున్న గొడవంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. మీ వ్యాసం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసింది.

ఈ రంగంలో వాళ్లు రెప్లికా, రీక్రియేషన్, కంటిన్యుయేషన్ అని రకరకాల పేర్లు వాడతారు. రెప్లికా అంటే మరీ విశాలమైన మాట, పైన ఫైబర్‌గ్లాస్ ఒళ్లు తొడిగి లోపల ఇవాళ్టి ఇంజిన్ పెట్టినదీ రెప్లికానే, అసలు బండిని విప్పి బోల్టు బోల్టూ కొలిచి కట్టినదీ రెప్లికానే. కొన్ని పాత భాగాలు దొరికితే వాటి చుట్టూ మిగతా బండి కట్టడాన్ని రీక్రియేషన్ అంటున్నారు. అసలు కంపెనీయే మళ్లీ కడితే కంటిన్యుయేషన్. జాగ్వార్ 1963లో లైట్‌వెయిట్ ఈ-టైప్‌లకు 18 చాసిస్ నంబర్లు (ఒక్కో బండి ఫ్రేముకు ఇచ్చే గుర్తింపు నంబర్లు) పక్కన పెట్టింది, 12 కార్లు కట్టి ఆపేసింది, మిగిలిన ఆరు నంబర్లనే యాభై ఏళ్ల తర్వాత వాడుకుంది. 1957 ఫిబ్రవరిలో వాళ్ల బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీ తగలబడినప్పుడు ఎక్స్‌కేఎస్ఎస్ కార్లు తొమ్మిది బూడిదయ్యాయి, అప్పటికి పూర్తయిన 16 మాత్రమే లోకంలో మిగిలాయి. ఆ తొమ్మిదింటినీ మళ్లీ కడతామని 2016లో ప్రకటించారు. డి-టైప్ అనే వాళ్ల రేసు కారు వంద అనుకుని 75 కట్టారు, తక్కిన 25ను 2018లో మొదలుపెట్టారు. బెంట్లీ వాళ్లయితే 1920ల చివర్లో రేసు డ్రైవర్ టిమ్ బర్కిన్ టీమ్ కోసం కట్టిన సూపర్‌చార్జ్‌డ్ బ్లోయర్ కారును పూర్తిగా విప్పి, భాగాలన్నిటినీ లేజర్‌తో స్కాన్ చేసి, అలాంటివి 12 కడతామని 2019లో చెప్పారు.

వీటిలో ఏదీ దొంగతనంగా చేసింది కాదు. లెక్కలతో, నంబర్లతో, తేదీలతో బాహాటంగా చెప్పి చేశారు. అలాంటప్పుడు 2014 తర్వాత కట్టిన కారు కింద 1963 అని రాయడం ఎందుకు? కట్టినవాడు దాచని నిజాన్ని మనం దాచినట్టయింది కదా.

ఇక అసలు బండ్లనే పరిగెత్తించాలి, నకళ్లు వద్దు అనేవాళ్లకు నేను నా బెంచి మీద జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒకసారి 1950ల నాటి సింగిల్ సీటర్ కారుది ముందు చక్రం స్టబ్ యాక్సిల్, అంటే చక్రం తిరిగే పొట్టి ఇరుసు, వచ్చింది. చూడ్డానికి చక్కగా ఉంది, తుప్పు లేదు, వంపు లేదు, ఓనరుకు వారంలో రేసు ఉంది, ఊరికే ఒకసారి చూసి ఇచ్చేయమన్నాడు. శుభ్రంగా కడిగి, ఎర్ర రంగు ద్రవం పూసి, కాసేపు ఆగి తుడిచేసి, పైన తెల్ల పొడి చల్లాం. రెండు నిమిషాల్లో ఆ తెలుపు మీద వెంట్రుకంత సన్నటి ఎర్ర గీత తేలింది. భుజం మలుపు దగ్గర, సరిగ్గా బరువంతా పడే చోట, చుట్టుకొలతలో మూడో వంతు పగులు. ఆ యాక్సిల్‌తో ఇంకో మూడు ల్యాపులు తిరిగేదో ముప్పై తిరిగేదో నాకు తెలియదు కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లోహం కూడా అలసిపోతుంది, ఎంత జాగ్రత్తగా చూసుకున్నా అది ఆగదు. వంగి లేచి వంగి లేచి లోపల సన్నని పగులు మొదలవుతుంది, బయటికి కనిపించేసరికి చాలావరకు ఆలస్యమైపోయి ఉంటుంది. ఆ కాలం రేసు కార్లలో బరువు తగ్గించడానికి గేర్‌బాక్సులు, క్రాంక్‌కేసులు, చక్రాలు మెగ్నీషియం పోతలో చేసేవాళ్లు. మెగ్నీషియంకు తేమంటే పడదు, అరవై డెబ్బై ఏళ్లలో లోపలినుంచి పొడి పొడిగా తినేస్తుంది. గొట్టాలతో కట్టిన ఫ్రేములైతే పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల తుప్పు పట్టి గోడ కాగితంలా పలచబడి ఉంటుంది. అందుకే బాధ్యత ఉన్న ఓనరు ఏం చేస్తాడు? యాక్సిల్ కొత్తది చేయిస్తాడు, కనెక్టింగ్ రాడ్లు, క్రాంక్‌షాఫ్ట్ కొత్తవి, చక్రాలు కొత్తవి, ఒక యాక్సిడెంట్ అయితే ముందు భాగం ఫ్రేము కొత్తది, ఇంకో సీజన్‌కు ఇంజిన్ బ్లాక్. పాత భాగాలను పెట్టెలో సర్ది గోడౌన్లో పెడతాడు. చేయాల్సింది అదే, తప్పేమీ లేదు. కాకపోతే ఇరవై సీజన్లు అలా పరిగెత్తాక ట్రాక్ మీద ఉన్నదేమిటి, గోడౌన్లో ఉన్నదేమిటి?

ఈ ప్రశ్న కోర్టు దాకా కూడా వెళ్లింది. 1929, 1930లలో వరుసగా లె మాన్ 24 గంటల రేసు గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ ఒకటుంది, ఓల్డ్ నంబర్ వన్ అంటారు. రెండుసార్లూ వూల్ఫ్ బర్నాటో నడిపాడు, ఒకసారి టిమ్ బర్కిన్ తోడు, ఇంకోసారి గ్లెన్ కిడ్‌స్టన్. ఆ తర్వాత ఆ కారులో ఎన్ని మారాయో! రేసు రేసుకూ మార్చారు, చివరికి 8 లీటర్ల ఇంజిన్ పెట్టారు, 1932లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద ఘోరంగా పల్టీ కొట్టి క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు, మళ్లీ కట్టారు. దాన్ని ఒకరు కోటి పౌండ్లకు కొంటామని ఒప్పుకుని, ఇందులో 1929 కారు ఏముందని వెనక్కి తగ్గారు. 1990లో ఇంగ్లండ్ హైకోర్టు తీర్పిచ్చింది. 1929లో గెలిచిన రోజున ఉన్న భాగాలు అతి తక్కువే మిగిలినా, ఆ కారు చరిత్ర ఎక్కడా తెగకుండా ఒకే దారంగా వచ్చింది కాబట్టి అది ఓల్డ్ నంబర్ వన్నే అన్నారు. నా దృష్టిలో చాలా సరైన తీర్పు అది. ఏ భాగం ఎప్పుడు పోయింది, దాని చోట ఏం వచ్చింది అనేది మొత్తం తెలిసి ఉండాలి, అసలుతనం అంటే అదే.

అలా చూస్తే, ఒరిజినల్ అని తిరిగే బండిలో పాత లోహం పదో వంతు కూడా లేకపోవచ్చు, నకలు అని పక్కకు నెట్టేసిన బండిలో అప్పటి గేర్‌బాక్సు, అప్పటి ఇంజిన్ ఉండొచ్చు. మొదటిదానికి తెగని చరిత్ర ఉంది, రెండోదానికి లేదు. రెండింటినీ గౌరవించడానికి నాకేమీ ఇబ్బంది లేదు, ఒకదాని పేరు ఇంకోదానికి పెట్టకుండా ఉంటే చాలు.

ఇంకో మాట. ముట్టుకోకుండా మిగిలిన అసలు బండి ఒక పుస్తకం లాంటిది. అమెరికాలో కారల్ షెల్బీ 1964, 65లలో కట్టించిన డేటోనా కూపే రేసు కార్లు మొత్తం ఆరే. వాటిలో మొట్టమొదటిది సీఎస్ఎక్స్ 2287, ఫిలడెల్ఫియాలోని సిమియోన్ మ్యూజియంలో రంగు కూడా వేయకుండా అలాగే ఉంచారు. అమెరికాలో చారిత్రక వాహనాల జాతీయ రిజిస్టర్‌లోకి 2014లో మొదటగా ఎక్కింది కూడా అదే. అలాంటి బండి మీద వెల్డింగ్ ఎలా నడిచింది, రేకు ఎక్కడ సుత్తితో కొట్టి సరిచేశారు, హడావుడిలో ఏ బోల్టు దొరక్క ఏది వాడారు, ఇవన్నీ కళ్ల ముందుంటాయి. దాన్ని ప్రతి వారాంతం రేసులో తిప్పి, గోడకు రుద్దుకుని, రేకు మార్చి, రంగు కొట్టి, ఇలా పోతూ ఉంటే పదేళ్లలో ఆ పుస్తకంలో పేజీలు ఉండవు. మంచి నకలు కట్టాలన్నా కొలతలు తీసుకోవడానికి చెడని అసలుది ఒకటి ఉండాలి కదా. అందుకే కొన్ని బండ్లకు నకలు కట్టి దాన్నే రేసుకు పంపడం అసలు బండికి చేసే మేలు అంటాను. అసలుదాన్ని అప్పుడప్పుడు స్టార్ట్ చేసి నాలుగు ల్యాపులు మెల్లగా తిప్పి చూపించండి, జనం నిలబడి చూస్తారు. సిమియోన్ మ్యూజియంలో చేసేది అదే, డెమో డేస్ అని పెట్టి బండ్లను బయటికి తీసి నడుపుతారు.

పోగొట్టుకున్నవాటి సంగతి చూడండి. 1930ల ఆటో యూనియన్ రేసు కార్లు, వెనక 16 సిలిండర్ల ఇంజిన్ పెట్టుకుని 500 హార్స్‌పవర్ దాటినవి, బెర్న్డ్ రోజ్‌మేయర్ 1936లో యూరప్ ఛాంపియన్ అయిన కార్లు, యుద్ధం అయ్యాక నష్టపరిహారం కింద సోవియట్ యూనియన్‌కు తరలిపోయాయి, చాలావరకు జాడ లేకుండా పోయాయి. ఆటో యూనియన్‌కు వారసత్వంగా వచ్చిన ఆడి కంపెనీ దొరికినవాటిని తెచ్చుకుని, దొరకనివాటిని ఇంగ్లండ్‌లో క్రాస్‌త్‌వెయిట్ అండ్ గార్డినర్ చేత కొత్తగా కట్టించింది. ఆ 16 సిలిండర్లు ఒక్కసారిగా గొంతు విప్పినప్పుడు నేలలోంచి పాదాల్లోకి వచ్చే అదురు ఏ ఫోటోలోనూ దొరకదు. లాన్సియా డి50 రేసు కారు కూడా అంతే. 1955 మొనాకోలో అల్బెర్టో అస్కారి సముద్రంలో పడిపోయింది ఆ కారుతోనే, ఆయన నాలుగు రోజుల తర్వాత మోంజాలో ఫెరారీ నడుపుతూ చనిపోయాడు. లాన్సియా కార్లన్నీ ఫెరారీ చేతికి వెళ్లిపోయాయి, 1956లో డ్రైవర్ ఫాంజియో వాటి మీదే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తర్వాత ఫెరారీ వాటిని ముక్కలు చేసేసింది, రెండు మాత్రం ఇటలీలో భద్రంగా మిగిలాయి. ఇవాళ ట్రాక్ మీద డి50 పరిగెడుతుంటే, అది మిగిలిపోయిన అప్పటి భాగాల చుట్టూ తర్వాత కట్టిన బండి. నకళ్లన్నీ నిషేధించాలంటే ఇవి కూడా ఆగిపోవాలి. దానికి నేను ఒప్పుకోను.

ఇంతవరకు నకళ్ల తరఫున మాట్లాడాను. ఇప్పుడు వాటివల్ల నిజంగా జరుగుతున్న నష్టం. మీ వ్యాసంలో ఇది అసలు రాలేదు.

కోట్ల విలువైన అసలు బండి నడిపేవాడు మలుపులోకి దూరేటప్పుడు ఒక అడుగు వదులుకుని దూరతాడు. అతని వెనక ఉన్నవాడు నకలు మీద ఉన్నాడు, గుద్దుకుంటే రేకు మళ్లీ కొట్టించుకుంటాడు, ఫ్రేము మళ్లీ అతికించుకుంటాడు, చరిత్రేమీ పోదు. అతనికి బ్రేకు ఆలస్యంగా వేసే ధైర్యం ఎక్కువ. ఒక రేసులో ఇద్దరు ముగ్గురు అలా ఉంటే సర్దుకుంటారు, సగం గ్రిడ్ (రేసుకు బారులు తీరిన బండ్లలో సగం) అలా ఉంటే మాత్రం అసలు బండి ఓనరు ఒక సీజన్ చూస్తాడు, రెండో సీజన్‌కు బండిని ఇంట్లో పెట్టుకుంటాడు. ఆ తర్వాత అతని చోటులోకి ఇంకో నకలు వస్తుంది. బయటినుంచి చూస్తే గ్రిడ్ నిండుగానే ఉంటుంది, జనానికి తేడా తెలియదు. మెల్లగా, ఎవరూ నిషేధించకుండానే, అసలు బండ్లు కనుమరుగైపోతాయి. నాకు భయం వేసేది ఇక్కడ.

రెండోది వేగం. దీనికి మోటార్‌సైకిళ్లే మంచి ఉదాహరణ. మాంక్స్ నార్టన్ అని ఒంటి సిలిండరు రేసు బండి ఉండేది, 350, 500 సీసీల్లో. 1961లో మైక్ హేల్‌వుడ్ ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగే సీనియర్ టీటీ మోటార్‌సైకిల్ రేసు గెలిచింది దాని మీదే. 1960ల మొదట్లో దాని తయారీ ఆగిపోయింది, కానీ క్లాసిక్ రేసింగులో దానికున్న గిరాకీ చూసి తర్వాత వేరేవాళ్లు కొత్తగా కట్టడం మొదలుపెట్టారు. మ్యాచ్‌లెస్ జీ50 కూడా అంతే. వాళ్లు లేకపోతే క్లాసిక్ గ్రిడ్లు ఎప్పుడో ఖాళీ అయిపోయేవి, అది నిజం. అయితే కొత్త బండిలో లోపల ఏముంది? మంచి స్టీలు, ఇవాళ్టి పిస్టన్లు, కంప్యూటర్ మీద గీసిన కామ్, నాలుగు గేర్ల చోట ఆరు గేర్లు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. పైకి అదే ట్యాంకు, అదే సీటు, అదే వెండి రంగు. అప్పటి బండి తట్టుకోలేని ఆర్‌పీఎం దగ్గర ఇది హాయిగా పాడుతూ పోతుంది. ఇటలీలో పాటన్ అని ఒక చిన్న సంస్థ 1958లో మొదలైంది, వాళ్ల 500 సీసీ రెండు సిలిండర్ల బండికి ఇప్పటి పాటన్ వాళ్లు కొత్తగా కట్టిన నకళ్లతోనే 2017లో జోష్ బ్రూక్స్, 2018లో జాన్ మెక్‌గిన్నెస్ సీనియర్ క్లాసిక్ టీటీ గెలిచారు. 60 కిలోమీటర్ల ఆ కొండ రోడ్డు మీద అలా నడపడం మామూలు విషయం కాదు, వాళ్ల మీద నాకు గౌరవమే. కానీ అదే రేసులో అప్పటి క్రాంక్‌కేసుతో, అప్పటి ఫ్రేముతో నడిపి పదిహేనో స్థానంలో వచ్చినవాడి పేరు ఎక్కడా రాదు. అతను చేసింది వేరే పని. ఫలితాల పట్టికలో ఆ వేరే పనికి ఒక గడి ఉండాలి.

నిజం చెప్పాలంటే ఈ వేగం తప్పు నకళ్ల మీద మాత్రమే వేయడం న్యాయం కాదు. ఒరిజినల్ అని బోర్డు పెట్టుకున్నవాటిలో కూడా డ్యాంపర్లు మార్చేవాళ్లు, ఇంజిన్ లోపల కొత్త క్రాంక్ పెట్టి అప్పటికంటే ఎక్కువ పవర్ లాగేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు భాగాలు చేసిచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి తెలుసు. అప్పుడు కొన్ని పనులు చేయకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది.

మూడోది అన్నిటికంటే చెడ్డది. నేను పనిచేసిన ఒక చోట, పేరు అనవసరం, కొత్తగా వెల్డింగ్ చేసిన ఫ్రేము తెచ్చి నా ముందు పెట్టి, ఒక కాగితం మీద నంబరు రాసిచ్చి, పాత అక్షరాల డై సెట్‌తో (లోహం మీద అంకెలు అచ్చుకొట్టే ఉలులతో) ఇది కొట్టు అన్నారు. ఎక్కడో గుద్దుకుని ముక్కలైన బండి నంబరది. నేను కొట్టను అన్నాను. వాళ్లు నాతో గొడవ పడలేదు, పక్క బెంచి అతనికి ఇచ్చారు, అతను పది నిమిషాల్లో కొట్టేశాడు. తర్వాత దాని మీద ఉప్పునీళ్లు చల్లి నాలుగు రోజులు బయట పెట్టారు, అంచులు కాస్త తుప్పు పట్టి మెత్తబడ్డాయి. ఇప్పుడు చూస్తే అరవై ఏళ్లనాటి నంబరే. నెల తిరక్కుండా నేను అక్కడ మానేశాను. ఆ ఫ్రేము ఇప్పుడు ఏ పేరుతో, ఏ దేశంలో తిరుగుతోందో తెలియదు. అసలు బండి తాలూకు ముక్కలు ఇంకెవరి దగ్గరో ఉంటే వాళ్లు కూడా దాని చుట్టూ ఒక బండి కట్టి అదే నంబరు పెట్టుకుని ఉండొచ్చు. ఒకే నంబరుతో రెండు కార్లు, రెంటికీ ఓనర్లు, రెంటికీ లాయర్లు, ఈ రంగంలో ఇది కొత్త విషయం కాదు.

ఎందుకు చేస్తారంటే డబ్బు. ఫెరారీ 250 జీటీఓలు 1962 నుంచి 64 వరకు కట్టింది 36, అందులో ఒకటి 2018లో వేలంలో 4.84 కోట్ల డాలర్లు పలికింది. ఆ కారు రూపాన్ని కళాఖండంగా గుర్తించి, ఇష్టమొచ్చినట్టు కాపీ కొట్టడానికి వీల్లేదని 2019లో బొలోన్యా కోర్టు చెప్పింది కూడా. అంత ధర పలికేది ఆ నంబరుకు, ఆ చరిత్రకు. అదే రేకు, అదే ఇంజిన్, అంతే బాగా కట్టిన నకలు దానిలో చిన్న వంతు కూడా పలకదు. కాబట్టి అబద్ధం ఆడితే వచ్చే లాభం ఊహించుకోండి. అబద్ధాన్ని ఆపాలంటే నిజం చెప్పినవాడికి ట్రాక్ మీద గౌరవమైన చోటు ఉండాలి. నకళ్లను పూర్తిగా నిషేధిస్తే, నకలు అని ఒప్పుకున్నవాడే గేటు బయట ఉంటాడు, నంబరు కొట్టించుకున్నవాడు దర్జాగా లోపలికి వస్తాడు. మీ వ్యాసం అడిగిన నిషేధం వల్ల జరిగేది ఇదే, దయచేసి ఆలోచించండి.

మరి కాగితాలు చూడరా అని అడగొచ్చు. చూస్తారు. అంతర్జాతీయ రేసులకు ఎఫ్ఐఏ (మోటార్ రేసుల అంతర్జాతీయ సమాఖ్య) వాళ్ల హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ కావాలి, దాని నియమాలు అపెండిక్స్ కె అనే దానిలో ఉంటాయి. కానీ చాలామందికి తెలియనిది ఏమిటంటే ఆ పాస్‌పోర్ట్ బండి పుట్టుక గురించి హామీ ఇవ్వదు. బండి ఫలానా కాలం నాటి లెక్కకు సరిపోతోందా లేదా అన్నదే చూస్తుంది. అప్పట్లో పోటీల్లో పాల్గొన్న బండి అయినా సరే, ఆ మోడల్ లెక్క ప్రకారం అచ్చంగా అలాగే కట్టిన బండి అయినా సరే, అర్హత వస్తుంది. నా మటుకు ఇది మంచి నియమమే, సాంకేతిక తనిఖీకి అంతకన్నా ఏం చేయగలరు? అయితే ఆ పాస్‌పోర్ట్ చూపించి ఇదిగో ఎఫ్ఐఏ వాళ్లే ఒరిజినల్ అన్నారు అని అమ్మేవాళ్లున్నారు, నమ్మి కొనేవాళ్లూ ఉన్నారు. మరోపక్క ఫీవా అని 1966 నుంచి ఉన్న పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఉంది. వాళ్ల లెక్కలో చారిత్రక వాహనం అనాలంటే కనీసం 30 ఏళ్ల వయసుండాలి, చారిత్రకంగా సరైన స్థితిలో కాపాడుకుంటూ రావాలి. నిన్న కట్టిన నకలు ఎంత బాగున్నా అందులోకి రాదు. ఒకరు కొలతలు చూస్తారు, ఇంకొకరు వయసు, స్థితి చూస్తారు, రెండూ అవసరమే. ప్రేక్షకుడి చేతిలో ఉండే కాగితం మీద మాత్రం ఈ రెంటిలో ఏదీ కనబడదు, కారు పేరు, సంవత్సరం, డ్రైవరు పేరు, అంతే.

నేను అడిగేది అక్కడే మొదలవుతుంది. ఎంట్రీ లిస్టులో సంవత్సరం అని ఒక్క గడి ఉంటుంది చూడండి, దాన్ని రెండు చేయమంటున్నాను. ఏ మోడల్, ఏ సంవత్సరం లెక్క అనేది ఒకటి, ఈ బండిని కట్టింది ఎప్పుడు అనేది ఇంకొకటి. "1963 / 2014" అని వేస్తే ఎవరి పరువూ పోదు. రేసు ఒకటే పెట్టండి, జెండా ఒకటే ఊపండి, కానీ చివర్లో అసలు బండ్లలో మొదట వచ్చినవాడికి వేరే కప్పు ఇవ్వండి. అది ఎంత చిన్నదైనా, ఆ ఓనరు వచ్చే ఏడాది బండిని మళ్లీ తీసుకొస్తాడు. నకలు కట్టేవాళ్లు అప్పటి లోహం, అప్పటి గేర్లు, అప్పటి ఆర్‌పీఎం దాటకుండా కట్టాలి, దాటితే దాన్ని వేరే క్లాసులో పరిగెత్తించాలి. గెలవడం కోసం మార్చేసిన బండి ఆ కాలం గురించి మనకేమీ చెప్పదు. ఇక నంబర్లు కొట్టేవాళ్ల విషయంలో నాకు ఏ కనికరమూ లేదు, దొరికిన రోజున ఆ బండినీ కట్టినవాణ్ణీ జీవితాంతం బయట పెట్టాలి.

నా మిత్రుడొకడు ఈ ఉత్తరం చిత్తుప్రతి చూసి, ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా, మామూలు పాఠకుడికి ఎందుకు అన్నాడు. అతనికి చెప్పిందే మీకూ చెబుతాను. ఆ బండ్లు డబ్బున్నవాళ్ల దగ్గర ఉన్నాయి కానీ వాటిని కట్టింది డబ్బున్నవాళ్లు కాదు. రేకును ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో వంచినవాళ్లు, పోత అచ్చులు చేసినవాళ్లు, మైక్రోమీటరు పట్టుకుని రాత్రంతా బేరింగులు సరిచూసినవాళ్లు కట్టారు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు, వాళ్ల చేతి గుర్తులు మాత్రం ఆ అసలు బండ్ల మీద ఉన్నాయి. మంచి నకలు కట్టినవాడి చేతిగుర్తులు కూడా అతని బండి మీద ఉన్నాయి, అవి ఇవాళ్టి పనివాడివి. ఆ లైట్‌వెయిట్‌ను 2014 తర్వాత కట్టిన మనుషులు కూడా అల్యూమినియంతో కుస్తీ పట్టినవాళ్లే. 1963 అని రాస్తే వాళ్ల పని మొత్తం ఎవరిదో అయిపోతుంది. ఇది నాకు పట్టింపున్న విషయం, ఎందుకంటే నేను చేసిన వందల భాగాలు ఈ రోజున 1950ల నాటివిగా తిరుగుతున్నాయి.

కాబట్టి ఎడిటర్ గారూ, వచ్చే ఆదివారం ఆ ఫోటోకు ఒక సవరణ వేయండి. పెద్ద వివరణ అక్కర్లేదు. "1963 నాటి నమూనా ప్రకారం జాగ్వార్ 2014 తర్వాత కట్టిన లైట్‌వెయిట్ ఈ-టైప్" అంటే సరిపోతుంది, చోటు చాలకపోతే "నమూనా 1963, నిర్మాణం 2014 తర్వాత" అని వేసినా చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక రిటైర్డ్ మెషినిస్టు